సంత్రాకు బదులు టమాటా

జబ్బు మనిషి చేతిదాకా వచ్చిన పండును నా నోటితో వెనక్కి పంపించాను.

స్వరాజ్యం వచ్చిన కొత్తలో, రాయ్‌పూర్ స్టేషన్‌లో, జ్వరం నుంచి లేచిన భార్యకు శ్రీకాకుళం వైపు గ్యాంగ్‌మన్ ఒకడు గంపవాడి దగ్గర సంత్రా, అదే కమలాపండు, కొంటున్నాడు. బడి మొహం చూడకుండానే పుస్తకాలు నమిలిన పొగరు నాది. ఆ తెలివి తగలెయ్య, ఊరుకోలేకపోయాను.

“సంత్రాలో ఏముందయ్యా? టమాటాలోనూ అదే సత్తువ!”

“సదువుకున్న బాబు సెప్తన్నారు గదే!” అంటూ అతను సంత్రా తిరిగిచ్చేసి, అదే గంపలోంచి టమాటా తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కొరకలేదు.

“తినమ్మా, బలం!” అని గద్దించాను. బండి గంట కొట్టాక గాని ఆమె తలెత్తలేదు.

“బలానికి కాదు బాబూ. నెల్లాళ్లయి నోరు సేదు. సంత్రా తొక్క ఒలిస్తే, ఆ వాసనకైనా ముద్ద దిగతాదేమోనని అడిగినాను.”