ఖాదర్‌బీ పొయ్యి

పెనుకొండ కొండ కింద ఖాదర్‌బీ ఒంటి మనిషి. కంది కట్టెను చెవి దగ్గర విరిచి, టప్పుమంటేనే పొయ్యిలో పెడుతుంది. సంగటి ఉడకగానే కొరివి మీద నీళ్ళు చిలకరించి, మిగిలిన కట్టె రేపటికి దాచుకుంటుంది. ఈ మధ్య ఆ చిలకరించడం మానేసింది. గోడ అవతల కౌసల్యమ్మ ఇంట్లో గ్యాసు అయిపోయి చాన్నాళ్ళయింది. చేను ఎండి సిలిండరు మళ్ళీ రాలేదు. పేరున్న రైతు ఇల్లు, ఆ మాట వీధిలో పడితే ఆమె తలెత్తలేదు. అందుకే ఖాదర్‌బీ సంగటి దించగానే, కౌసల్యమ్మ కూరగిన్నె గోడ మీదుగా వచ్చి అదే మంట మీద కూర్చుంటుంది.

ఏ ఇంట్లో ఎంత కట్టె కాలుతుందో లెక్క రాసుకోవడానికి ఊళ్ళోకి వచ్చిన సుకన్య, నిన్న తూచిన ఖాదర్‌బీ కట్టెల మోపును ఈ రోజు మళ్ళీ తూచింది. వాకిట్లో వీధి ఆడవాళ్ళంతా ఉన్నారు, కౌసల్యమ్మ కూడా.

"ఎక్కడో సముద్రంలో రెండు చిన్న దీవుల్లో కూడా ఇట్లే తూచినారవ్వా. ఆడ ఇంటిల్లిపాదికీ కాలే కట్టె నీ ఒక్కదానికే కాలుతాండాదే?" అంది సుకన్య.

కౌసల్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాళ్ళు చన్నీళ్ళు పోసుకుంటారేమో తల్లీ. నాకు రెండు పూటలా ఉడుకునీళ్ళు గావాల," అంది ఖాదర్‌బీ.

"సోకులకేం తక్కువ లేదు ఈయమ్మకి," అని ఆడవాళ్ళు నవ్వారు. ఖాదర్‌బీ కూడా వాళ్ళతో కలిసి నవ్వింది.

సాయంత్రం గోడ మీదికి కూరగిన్నె వెనకే నీళ్ళు కాచే రాగి కాగు ఒకటి వచ్చింది.

"ఇదెందుకు?"

"నిన్ను అబద్ధాలకోరును చేసి నేను కూడెట్ల తినేదక్కా? నీళ్ళు నేను తోడిస్తా. కాగినాక పోసుకో," అంది కౌసల్యమ్మ.

ఖాదర్‌బీ ఇంకో కట్టె విరిచి పొయ్యిలోకి ఎగదోసింది.