వెనక సీటు వాళ్ళను విడిగా అడగడం

2004 అక్టోబరులో నన్ను భూటాన్ మోటార్‌సైకిల్ టూరుకు వేశారు. అప్పట్లో రాజమహేంద్రవరంలో ఒక ట్రావెల్ ఆఫీసులో పనిచేసేదాన్ని. తర్వాత ఆఫీసు ఆ టూర్లు ఆపేసింది, నేనూ ఉద్యోగం మానేశాను. ఇలాంటి ప్రయాణాలు ఎలా నడుస్తాయని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు కాబట్టి ఒక రోజు సంగతి రాస్తున్నాను.

బండ్లు అక్కడే అద్దెకు తీసుకునేవాళ్ళం. అందరికన్నా ముందు లీడ్ రైడర్ వెళ్తాడు. ఎంత వేగం, ఎక్కడ ఆగాలి, ఎవరు నడపకూడదు అన్న విషయాల్లో ఆయన మాటే చివరి మాట. వరస చివర వచ్చే బండిని స్వీప్ అంటారు. దాని వెనక ఎవరూ మిగిలిపోకూడదు. ఆ తర్వాత సామాను వ్యాను, అందులో నేను. నా హోదా టూర్ అసిస్టెంట్. పర్మిట్లు చూపించడం, హోటల్లో గదులు సరిచూడడం నా పనులు. ఇవి కాక, నియామక పత్రంలో లేని పని ఇంకొకటి ఉండేది.

రోజూ పొద్దున్న బండ్లు కదిలే ముందు లీడ్ రైడర్ అందరికీ ఆ రోజు దారి వివరించి, "ఎవరికైనా ఏమైనా ఇబ్బంది ఉందా అండి?" అని అడిగేవాడు. మగవాళ్ళు సీటు గురించో, టీ గురించో ఏదో ఒకటి అనేవారు. వెనక కూర్చునే వాళ్ళ భార్యలు మాత్రం ఏమీ లేదనేవారు. మా వైపు ఆడవాళ్ళు ఇంట్లో భర్తను ఎన్నైనా అంటారు గానీ, ఆయన బండి నడపడం బాగాలేదని నలుగురిలో అనరు. అంతకు ముందు ఒక టూరులో ఒకాయన నడుపుతూనే కునుకు తీసి రోడ్డు దిగిపోయాడు. ముందు రోజు నుంచే ఆయన తూగుతున్నాడని భార్యకు తెలుసు. అప్పటి నుంచి మా మేనేజరు ఒక నియమం పెట్టారు: వెనక కూర్చునేవాళ్ళను ఒక ఆడమనిషి రోజూ విడిగా అడగాలి. ఆ పని నాకిచ్చారు. "నువ్వు ఎవరితోనూ మాట్లాడవు కదమ్మా, నీకైతే చెప్తారు" అన్నారు. అది మెప్పో కాదో తేల్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆ విడతలో నాలుగు జంటలు వచ్చాయి. వాళ్ళలో వెంకటరత్నం గారు, రాజ్యలక్ష్మి గారు అందరికన్నా పెద్దవాళ్ళు. రాజమహేంద్రవరంలోనే మోటార్లు, పైపులు అమ్మే కొట్టు వాళ్ళది. పెళ్ళైన కొత్తలో భార్యను బండి మీద ఊరి దగ్గరి కోరుకొండ గుట్ట మీది గుడికి తీసుకెళ్ళిన రోజు నుంచీ, ఎప్పటికైనా నిన్ను పెద్ద కొండ దాటిస్తానని ఆయన అంటూ వచ్చారట.

టూరులో చీర కుదరదు, రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోవాలని నేను చెప్పినప్పుడు రాజ్యలక్ష్మి గారు మొదట ఒప్పుకోలేదు.

"ఈ వయసులో నాకు ప్యాంటేంటి అమ్మాయ్? ఫోటో మా కోడలి చేతిలో పడితే ఊరంతా పంచుతుంది."

"పంచనీ" అన్నారాయన. "కొట్టుకు ప్రచారం ఖర్చు కలిసొస్తుంది."

థింపూ నుంచి బయల్దేరే రోజు దోచులా కనుమ దాటాలి. కనుమ అంటే రెండు కొండల మధ్య నుంచి దారి అవతలికి దిగే చోటు. ఎక్కడం కష్టం కాదు. అవతల చాలా దూరం దిగుడు ఉంటుంది. దిగేటప్పుడు బండిని చిన్న గేరులో పెట్టి, ఇంజను పట్టుతో వేగం తగ్గిస్తూ, కాలి బ్రేకూ చేతి బ్రేకూ కలిపి వాడాలి. చేతి బ్రేకు కుడి చేతి వేళ్ళ కింద ఉంటుంది.

ఆ పొద్దున్న రాజ్యలక్ష్మి గారు హోటల్ వరండాలో బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నారు. నేను పక్కన కూర్చుని రోజూ అడిగేదే అడిగాను. ఆవిడ రెండో బూటు తాడు ముడేసి చెప్పారు.

"పక్కకి కూర్చున్నన్నాళ్ళూ నాకు ఎడం వైపు పొలాలూ కాలవలే కనిపించేవి అమ్మాయ్. ఇప్పుడు ఆయన భుజం మీదుగా చేతులు కనిపిస్తున్నాయి. నిన్న దిగేటప్పుడు కుడి చేతి వేళ్ళు బ్రేకు మీద నుంచి జారిపోయాయి. ఎడం చెయ్యి తెచ్చి సర్దుకున్నారు. ఏంటండీ అంటే చలికి అన్నారు. గదిలో చలేం లేదు కదా, అక్కడా చొక్కా గుండీ పెట్టుకోలేకపోయారు."

తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. "నేను చెప్పానని తెలియనివ్వకు. ఈ కొండ కోసమే ఇంత దూరం వచ్చారు."

మీ పేరు రాదు పిన్నిగారూ అని మాటిచ్చాను.

మా లీడ్ రైడర్ ప్రసాద్ గారు భీమవరం మనిషి. సైన్యంలో బండ్ల విభాగంలో పనిచేసి వచ్చారు. నేను చెప్పింది విని, ఎవరు చెప్పారని అడగలేదు. "ఒక్కరికే పెడితే బాగోదు. కనుమకు ముందున్న చెక్‌పోస్టు దగ్గర అందరికీ పరీక్ష పెడతాను" అన్నారు. వాలులో బండి మీద కూర్చుని చేతి బ్రేకు మాత్రమే పట్టుకోవాలి. ఆయన వెనక నుంచి తోస్తారు. చాలు అనేదాకా బండి కదలకూడదు.

పర్మిట్ల మీద ముద్ర వేయించి నేను బయటికి వచ్చేసరికి పరీక్ష మొదలైంది. "మా ఆవిడ బరువుతో అసలే కదలదండి" అని ఒకాయన అంటే, ఆయన భార్య హెల్మెట్ మీద ఒక్కటిచ్చింది. స్వీప్ రైడర్ కూడా పరీక్ష ఇచ్చాడు. వెంకటరత్నం గారి బండి ప్రసాద్ గారు తోయగానే ముందుకు జారింది. ఇంకోసారి పట్టుకోమన్నారు. మళ్ళీ జారింది.

"బ్రేకు లివరు బిగుతుగా ఉందయ్యా. వదులు చేయించు."

ప్రసాద్ గారు పక్కన నిలబడి రెండు వేళ్ళతో లివరు నొక్కి చూపించారు. "లివరు బానే ఉందండి. ఇక మీరు నడపకూడదు."

"పైదాకా అయినా నడపనీ."

"ఎక్కేటప్పుడైనా ఆపాల్సి వస్తుంది బాబాయ్ గారూ."

వెంకటరత్నం గారు నా వైపు తిరిగారు. ఉన్నట్టుండి ఇవాళే ఈ పరీక్ష ఎందుకొచ్చిందని అడిగారు. ఆఫీసు పద్ధతి అండి అని నేను అంటుండగానే రాజ్యలక్ష్మి గారు హెల్మెట్ తీశారు.

"ఆ అమ్మాయిని అడక్కండి. నేనే చెప్పానండి."

అందరూ ఉన్నారు. ఆయన గ్లవ్ తీసుకోబోయారు, పట్టీ ఊడలేదు. ఆవిడే ఊడదీశారు.

"డాక్టరు ఎండాకాలంలోనే చెప్పాడు" అన్నారాయన, చెయ్యి చూసుకుంటూ. "వచ్చే ఏడాదికి ఈ మాత్రం పట్టు కూడా ఉండదన్నాడు. అందుకే ఇప్పుడొచ్చాను."

"నాకు చెప్పాల్సింది."

"చెప్తే బండెక్కేదానివా?"

"ఎక్కేదాన్ని కాదు."

ఆయన తాళం ప్రసాద్ గారికిచ్చి వ్యానెక్కారు, వెనకే రాజ్యలక్ష్మి గారూ ఎక్కారు. ఆ బండిని వ్యాను డ్రైవరు తీసుకున్నాడు, వ్యాను మాతోపాటు అందులో వచ్చే మెకానిక్ నడిపాడు. కనుమ మీద అందరూ ఫోటోలకు ఆగితే ఆయన దిగలేదు. రాజ్యలక్ష్మి గారు దిగి, ఆయన కిటికీ పక్కనే నిలబడ్డారు. అవతలి దిగుడంతా మంచు కమ్మి ఉంది, రోడ్డు తడిగా ఉంది. ఏ ప్రమాదమూ జరగలేదు. ఆయన నడిపి ఉన్నా జరిగేది కాదేమో. తిరిగి రాజమహేంద్రవరం స్టేషనులో దిగేదాకా ఆయన నాతో మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి నేను తెలుసుకున్నవి చెప్తాను. ఈ వృత్తిలో మనిషిని ఆపడం సరైందని తేల్చే రుజువు దొరకదు. ఆపాక ఏమీ జరగదు, ఏమీ జరగలేదు కదా అని ఆగినవాళ్ళు అనుకుంటారు. ఆ కోపాన్ని భరించడం కూడా జీతంలో భాగమే. తర్వాతి టూర్ల నుంచి బ్రేకు పరీక్ష అందరికీ రోజూ పెట్టాం. పేరు బయటపెట్టనని మాటివ్వడం మాత్రం నేను మానేశాను. నేను దాస్తానన్న పేరును రాజ్యలక్ష్మి గారే నలుగురిలో చెప్పుకున్నారు. ఆవిడకు కావలసింది, విన్నమాట మీద ఆ పూటే ఏదో ఒకటి చేసే మనిషి. అందుకని ఆ తర్వాత వెనక సీటు వాళ్ళను అడిగే ముందే ఒక మాట చెప్పేదాన్ని: మీరు చెప్పింది బండ్లు కదిలేలోపు లీడ్ రైడర్‌కు చెప్తాను, బండి ఆపితే ఆపుతారు. అది విని కొందరు ఏమీ లేదనేవారు. చాలామంది చెప్పేవారు.