ఎర్రపుంజుకి కాపలా

మా బడి పక్కింట్లో ఉండే కనకని రెండేళ్ళ పాటు నేను మొండిఘటం అనుకున్నాను. ఆ మాట ఆమె మొహం మీదే అన్నాను కూడా. నాకు కోపం ముందు, ఆలోచన తరవాత. ఈ సంగతి మా బడిలో ఒకటో తరగతి పిల్లలక్కూడా తెలుసు.

డుంబ్రిగుడ సంత దగ్గర జీపు ఎక్కి, అది దింపినచోట నుంచి గంటసేపు కొండెక్కితే మా ఊరు. ముప్ఫై ఇళ్ళు, ఒక బడి, ఆ బడికి నేనొక్కదాన్నే టీచర్ని. కనక నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది. కూతురికి రెండేళ్ళప్పుడే మొగుడు పోయాడు. చోళ్ళు, అంటే రాగులు, పండే చిన్న పొలం చెక్క, పెరట్లో పదీ పన్నెండు కోళ్ళు, కూతురు సోని, అదే ఆమె సంసారం. సోనికి ఏ పాఠమైనా ఒక్కసారి చెబితే చాలు. అలాంటి పిల్ల పదేళ్ళకొకసారి దొరుకుతుంది.

ఆ పిల్లకి మూడో తరగతిలో జ్వరం పట్టుకుని పదకొండు రోజులు వదల్లేదు. అరకు ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని కనక మొక్కుకుంది. పిల్ల బతికితే కొండమీది తల్లికి ఎర్రపుంజుని ఇస్తానని, ఆ మొక్కు తీరేదాకా పిల్లని ఊరు దాటించి ఎక్కడా ఉంచనని. పిల్ల బతికింది. మందులకి తగ్గిందమ్మా అని నేనన్నాను. ఆ మందుల్ని పనిచెయ్యనిచ్చింది ఎవరని ఆమె అడిగింది. ఆ పదకొండు రోజులూ మేరీమాత పటం ముందు కొవ్వొత్తి వెలిగించినదాన్ని, ఏం జవాబు చెప్పను?

సంతలో ఒక ఎర్రపుంజుని కొని తెచ్చి ఇచ్చేస్తే పోయేదానికి ఇంత కథెందుకంటారేమో. నేనూ అలాగే అన్నాను. కొన్న పుంజు మొక్కుకి చెల్లదట. ఇంటి పెట్ట పెట్టిన గుడ్డు, ఇంటి గంపలో పొదిగి, ఇంటి గింజ తిని పెరిగిన పుంజే కావాలి. అలా పెంచిన మొదటి పుంజుని బావురుపిల్లి ఎత్తుకుపోయింది. మరుసటేడు సోనికి గురుకులంలో ఐదో తరగతి సీటొచ్చింది. చేరడానికి వారముందనగా రెండో పుంజూ పోయింది. గూటి ముందు ఎర్ర ఈకలు నాలుగు మిగిలాయి. మొక్కు తీరలేదు గనక కనక పిల్లని పంపలేదు, సీటు పోయింది. నెల్లాళ్ళు నేను ఆవిడతో మాట్లాడలేదు.

మా బడి ఐదో తరగతితో సరి. ఆరో తరగతికి కిందనున్న ఏకలవ్య గురుకులం పరీక్ష మళ్ళీ రాయించవచ్చు. అదీ పోతే సోని చదువుకి అదే ఆఖరు, ఆ తరవాత మేకలు కాయడమే. అంచేత పుంజుకి కాపలా ఎలాగా అని నేనే ఆలోచించడం మొదలుపెట్టాను.

మా పిన్ని తెరిసమ్మది కొత్తవలస. ఆవిడ పెరట్లో పెద్దబాతులుంటాయి, మెడలు బారెడు పొడుగు. కొత్తమనిషి కనిపిస్తే చాలు, మెడ నేలబారుగా చాచి బుసకొడుతూ మీదికొస్తాయి. వాటికి దడిసి పోస్టుమాన్ ఉత్తరాలు గోడ మీంచే విసిరేసి పోతాడు. దసరా సెలవులయ్యాక నాలుగు బాతుగుడ్లని బకెట్లో ఊక పోసి పెట్టుకుని కిరండూల్ రైలెక్కాను. టైడా దాటాక సొరంగం వచ్చినప్పుడల్లా బకెట్‌ని కడుపుకి అదుముకున్నాను. ఎదుటి సీటాయన అందులో ఏముందని అడిగితే పోలీసులున్నారని చెప్పాను.

కనక నవ్వి, ఆ గుడ్లని పొదుగుకొచ్చిన నల్లపెట్ట కింద పెట్టింది. కోడిగుడ్డు ఇరవైయొక్క రోజులకి పిల్లవుతుంది, పెద్దబాతు గుడ్డుకి నెల పడుతుంది. కనక గోడ మీద బొగ్గుతో గీతలు గీసి, తొమ్మిది గీతలయ్యాక, ఇంకో పెట్ట పెట్టిన కోడిగుడ్లు నాలుగు అదే గంపలోకి జార్చింది. అన్నీ ఒకేసారి పిల్లలవ్వాలని ఆమె లెక్క. లెక్క తప్పలేదు. రెండు బాతుపిల్లలు, మూడు కోడిపిల్లలు లేచాయి. అందులో ఒకటి ఎర్రది, పుంజు. ఒక తల్లి రెక్కల కింద పెరిగాయి గనక బాతులకి తాము కోళ్ళు కామని తెలియలేదు. సోని వాటిని రోజూ తనే మేపేది, వాగుకి తీసుకెళ్ళేది.

మాఘమాసానికి అవి సోని నడుమెత్తుకి వచ్చాయి. కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన అతన్ని పనసచెట్టు ఎక్కించాయి. నన్నూ కరిచాయి. తెచ్చినదాన్నన్న విశ్వాసమైనా లేదు. కానీ ఎర్రపుంజు ఎటు వెళితే అటు రెండూ చెరోపక్కా నడిచేవి, ఎమ్మెల్యే వెనకాల గన్‌మెన్ల లాగ. ఆ ఏడు కనక ఇంట్లో ఒక్క కోడిపిల్ల కూడా పోలేదు.

చైత్రంలో ఒకనాడు తెల్లవారుతుండగా బాతులు ఊరు లేచేలా అరిచాయి. చీపురు పట్టుకుని పరిగెత్తాను. గూటి తలుపు బార్లా తీసి ఉంది. బావురుపిల్లి దడి దూకి పారిపోతోంది. మగబాతు ముక్కున బూడిదరంగు బొచ్చు కనిపించింది. ఎర్రపుంజు ఇంటికప్పు మీద కూర్చుని ఉంది, ఈక కూడా రాలలేదు. గడియ పెట్టుకోవడం కూడా చేతకాదా అని కనకని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె గుమ్మంలో తేలుకుట్టిన దొంగలా నిలబడింది.

మే నెలాఖర్లో సోనికి ఏకలవ్యలో సీటొచ్చింది. జూన్ పన్నెండులోగా చేర్చాలి. మా ఊరి దిశారి గాసి, అంటే పూజలు చేసే పెద్దాయన, ఆ ముందు గురువారం మొక్కుకి రోజు పెట్టాడు. పుంజు ముందు ఆకులో బియ్యం పోస్తారు. దానంతటది పొడుచుకు తింటే తల్లి ఒప్పుకున్నట్టు. మూడుసార్లు పోసినా తినకపోతే ఆ పుంజు పనికిరాదు, మళ్ళీ కొత్త పుంజు పెరగాలి. అంటే ఇంకో ఏడాది.

బాతులు పూజకి అడ్డమొస్తాయని వాటిని బడి వంటపాకలో పెట్టి తలుపు కట్టింది నేనే. నా తెలివి అలా ఏడిచింది.

కొండమీద రాయి ముందు గాసి ముగ్గేసి బియ్యం పోశాడు. పుంజు తినలేదు. మెడ నిక్కించి ఊరివైపు చూస్తూ కొక్కొక్కోమంది. పుట్టాక బాతులు పక్కన లేకుండా అది ఒక్క గింజ తిన్నది లేదు మరి. గాసి ఆగి, రెండోసారి పోశాడు. అంతలో కింద నుంచి అరుపులు. పాక తడికని చీల్చుకుని రెండు బాతులూ కాలిబాటన పైకొస్తున్నాయి. మగబాతు నేరుగా వచ్చి గాసి పంచె పట్టి లాగింది. ఆయన వెనక్కి తగ్గగానే ఆకులో బియ్యమంతా ఊడ్చి తినేసింది.

కొండమీది తల్లి బాతునే అడుగుతోందని ఎవరో గొణిగారు. కనక మొహంలో నెత్తురు లేదు. గాసి పంచె దులుపుకుని, నెమ్మదిగా అన్నాడు.

“తల్లి నోరు తెరిసి అడిగింది పుంజుని. బాతు దాని ఆకలికి అది తిన్నాది. ఇంకొక్కసారి ఉంది.”

అప్పుడు సోని వచ్చి నేల మీద చతికిలబడింది. మగబాతుని ఒళ్ళోకి లాక్కుని, దాని తలని తన చంక కింద దాచుకుని కూర్చుంది. రెండో బాతు తనే వచ్చి పక్కన చేరింది. గాసి మూడోసారి బియ్యం పోశాడు. ప్రభువు నన్ను క్షమించాలి, ఒక కోడిపుంజు నాలుగు గింజలు తినాలని నేను జపమాల తిప్పాను. పుంజు బాతుల వైపు చూసింది. తల వంచింది. ఒక గింజ పొడిచింది. తరవాత గబగబా తింది.

నేను ఊపిరి పీల్చుకునేసరికి కళ్ళల్లో నీళ్ళున్నాయి. కత్తి తియ్యకముందే సోని బాతుల్ని వాగుకి తోలుకుపోయింది. ఆ మధ్యాహ్నం ఊరంతా మొక్కు భోజనం చేశాం. నేనూ తిన్నాను.

సోమవారం జీపు దాకా ముగ్గురం నడిచాం, వెనకాలే బాతులు. సోని ఎక్కింది, జీపు మలుపు తిరిగింది. కనక ఏడుస్తుందనుకుని కొంగు అందించబోయాను. ఆమె ఏడవలేదు. రోడ్డు పక్కన రాయి మీద కూర్చుంది.

“రెండో పుంజుని పిల్లి ఎత్తుకుపోలేదు టీచరమ్మా. నానే ఇచ్చినాను. ఆ రేత్రి గూటి తలుపు ఎయ్యలేదు. నా గుంట ఎలిపోతే ఇంట్లో నాకేటి మిగుల్తాది అనుకున్నాను.”

గూటి ముందు ఆ నాలుగు ఎర్ర ఈకలూ గుర్తొచ్చాయి. ఎవరితోనూ చెప్పుకోలేక, కొండమీది తల్లి ఎక్కడ కోపగిస్తుందోనని, పిల్లకి ఒళ్ళు వెచ్చబడ్డప్పుడల్లా ఏడాదిగా చస్తూ బతికిందట.

“మొన్న చైత్రంలో మళ్ళీ తలుపు తీసి ఒగ్గేసినాను,” అంది. “నీ బాతులు ఊరుకున్నాయేటి?”

అని నవ్వేసింది. గుండెల మీద బరువు దించుకున్న మనిషి నవ్వు అది. రెండేళ్ళలో ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. నన్ను తిట్టవా అని అడిగింది. తిట్లన్నీ అయిపోయాయని చెప్పాను.

బాతుల్ని ముందు తోలుకుంటూ కొండెక్కి ఇంటికొచ్చేసరికి పొద్దు వాలింది. కోళ్ళు ఒకటొకటే గూట్లోకి చేరాయి. కనక వాటిని లెక్కపెట్టి, తలుపు వేసి, గడియ పెట్టింది. పెట్టాక ఒకసారి లాగి చూసుకుంది.