ఇరవై రొట్టెల పంచాయితీ

మా అవ్వకు ఆకలి గురించి పాఠం చెప్పడానికి ఒక నాయకుడు జీపు వేసుకుని మరీ వచ్చాడు. తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వు వస్తుంది, ఒళ్లూ మండుతుంది.

అరవైల నడుమ సరిహద్దులో యుద్ధం జరిగిన ఏడాది అది. గింజల కొరత. వారానికి ఒక పూట, సోమవారం రాత్రి, అందరూ పస్తుండాలని పైనుంచి పిలుపు వచ్చింది. మూడు పూటలా తినేవాళ్లకు మంచి మాటే. కేతేపల్లి దాపున మా ఊళ్లో సగం ఇళ్లలో ఉన్నదే ఒకటిన్నర పూట. అందులో ఏది మానాలో తెలియక జనం బిక్కమొహాలు వేశారు.

"సోమారం రాత్రి బువ్వ బందు పెట్టాల్నంటె, ముందుగాల సోమారం రాత్రి బువ్వ ఉండాలె గదరా" అంది అవ్వ.

నేను అప్పుడే మా ఊరి బళ్లో పంతులుగా చేరాను. సభ ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి. మైకు, కుర్చీ, పూలదండ ఒక ఎత్తు, సభలో అవ్వ నోరు తెరవకుండా చూడటం ఒక ఎత్తు. "జర నీకు దండం పెడత, నువ్వు ఇంట్లనే ఉండవే" అని బతిమాలాను. "ఎందుకుంట? నాకు గూడ పస్తు ఎట్లుండాల్నో నేర్పుతడంట గద, నేర్చుకుంట" అని అందరికంటే ముందు వెళ్లి ముందు వరసలో కూర్చుంది.

అవ్వ సంగతి కొంచెం చెప్పాలి. మాది గొర్లు కాచే కుటుంబం. దొరల మీద లడాయి నడిచిన రోజుల్లో కొందరు ఊరి వెనక గుట్ట మీద దాక్కున్నారు. వాళ్లకు అన్నం చేరవేసింది మా తాత. తెల్లారకముందే అవ్వ ఇరవై జొన్నరొట్టెలు చేసేది. తాత వాటిని నడుముకు కట్టుకుని, పైన గొంగడి కప్పుకుని, గొర్లను తోలుకుని గుట్టెక్కేవాడు. ఇంట్లో మాకు మిగిలేది గంజి. నేను అప్పుడు నాలుగైదేళ్లవాణ్ణి. రొట్టె కోసం ఏడిస్తే అవ్వ నా వీపు మీద ఒకటి వేసి, తానూ ఏడ్చేది. చివరికి అప్పటి సర్కారు పోలీసులు తాతను పట్టుకుని చావబాదారు. తాత ఒక్క పేరూ చెప్పలేదు. ఇంటికి తెచ్చిన రెండు నెలలకే పోయాడు.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెబుతాను. మా తాత మహా తిండిపోతు. పెళ్లిళ్లలో ఆయన విస్తరి దగ్గర వడ్డించేవాళ్లు విసిగిపోయి గంపను అక్కడే పెట్టి పోయేవాళ్లట.

సరే, నాయకుడు వచ్చాడు. చిట్యాల నుంచి బండి మీద తెప్పించిన చేతుల కుర్చీ చూపించాను. ఆయన దాన్ని చూసి, జనాన్ని చూసి, "నేను మీలో ఒకణ్ణి, నాకు కుర్చీ ఎందుకు?" అంటూ పోయి, మా కులపెద్ద పక్కన పరిచిన గొంగడి మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేదు.

ఎందుకంటే మా వాళ్లలో గొంగడి పరిస్తే అది పంచాయితీ. దాని మీద కూర్చున్నవాడు అబద్ధం ఆడకూడదు, అడిగినదానికి జవాబు చెప్పాలి, సంగతి తేలేదాకా లేవకూడదు. పాపం, ఆ పెద్దమనిషికి అదేం తెలుసు? మావాళ్లు మాత్రం ఆయన తెలిసే కూర్చున్నాడనుకున్నారు. ముసలివాళ్లంతా చెప్పులు విడిచి దగ్గరికి జరిగారు. చుట్టలు ఆర్పేశారు. ఆ నిశ్శబ్దం చూసి నాయకుడు తన మీద గౌరవమే అనుకుని మరింత హుషారయ్యాడు.

మైకు అందుకుని, "మీకు త్యాగమంటే ఏమిటో తెలియాలి" అని మొదలుపెట్టాడు. "ఒక్క పూట తిండి మానడానికి వెనకాడుతున్నారే! ఇదిగో, మీ ఊరి వెనక గుట్ట మీదే, ఆ రోజుల్లో నేను నలభై రోజులు దాక్కున్నాను. మెతుకు ముట్టలేదు. ఆకులు తిన్నాను, అలములు తిన్నాను. ఒక్క రొట్టెముక్క పెట్టిన పాపాన ఎవరూ పోలేదు!"

నేను అవ్వ వైపు చూశాను. కోపంతో ముఖం ఎర్రబడుతుందనుకుంటే తెల్లగా పాలిపోయింది. పెదవులు కదులుతున్నాయి. దగ్గరికి వెళ్తే తిట్లు వినిపించాయి. అవి నాయకుడికి కావు, మా తాతకు.

"వీని కడుపు మాడ! ఇరవైకి ఇరవై మొత్తం వీడే మెక్కిండురా! నా పిల్లల నోళ్లు కొట్టి పంపిస్తి గదరా! గుట్ట చాటుకు పోంగనే మూట ఇప్పిండు ముసలోడు! సచ్చిండు గని, బతికుంటె ఇయ్యాల నేనే సంపుదును!"

"అవ్వా, ఆయన అబద్ధం చెప్తుండే" అన్నాను గుసగుసగా.

"గొంగడి మీద కూసోని అబద్ధం ఎట్ల ఆడుతడురా?" అంది.

ఉపన్యాసం అయిపోయింది. నాయకుడు లేవబోయాడు. కులపెద్ద ఆయన మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. "ఆగు దొరా, ఇంకా అడగలే" అని జనం వైపు తిరిగి, ఎప్పటిలాగే, "ఎవలకన్న ఏమన్న ఉంటె చెప్పుండ్రి" అన్నాడు.

"నాకుంది" అని అవ్వ లేచింది.

నేను కొంగు పట్టుకు లాగాను. విదిలించుకుంది. తిన్నగా గొంగడి అంచు దాకా వెళ్లి నిలబడింది.

"అయ్యా, గా నలభై దినాలు నా మొగడు దినాం ఇరవై రొట్టెలు గుట్టకు తెచ్చిండు. నేను చేసిన, నేను కట్టిచ్చిన. నువ్వేమో ఆకులు తిన్ననంటున్నవు. నువ్వన్న అబద్ధమాడుతుండాలె, లేకుంటె నా మొగడన్న దొంగై ఉండాలె. రెండిట్ల ఏదో ఇయ్యాల తేల్చిపో."

నాయకుడు నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. "తల్లీ, ఆ రోజుల్లో అందరమూ కష్టపడ్డాం..." అన్నాడు. "అందరి సంగతి నేనడగలే" అంది అవ్వ. "నా కార్యక్రమానికి ఆలస్యమవుతోంది" అన్నాడు. "తేలినంక పోదువు తియ్యి" అన్నాడు కులపెద్ద తాపీగా. జీపు డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఎవరో వెళ్లి వాడికి చల్ల ఇచ్చి కూర్చోబెట్టారు. నాయకుడి చొక్కా వీపు మీద చెమటతో అంటుకుపోయింది. ఆయన నా వైపు చూసిన చూపుకు నా ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. అయినా, మీతో అబద్ధమెందుకు, నాకు లోపల హాయిగానే ఉంది.

ఎండ నెత్తి మీదికొచ్చింది. ఎవరూ కదలలేదు. ఆఖరికి ఆయన మైకు పక్కన పెట్టి, అవ్వను దగ్గరికి రమ్మన్నాడు. పుస్తకాల భాష ఎటు పోయిందో, గొంతు తగ్గించి చెప్పాడు. పక్కనే ఉన్నందుకు నాకూ వినబడింది.

"తిన్ననవ్వా. ఇరవైకి ఇరవై వచ్చేటియి. ఉప్పే ఉండకపోయేది."

"ఉప్పు దొరకలే గా యేడు" అని అవ్వ మెల్లగా అని, కులపెద్ద వైపు తిరిగి, "తేలింది, పోనియ్యుండ్రి" అంది.

ఆయన గబగబా లేచి చెప్పులు తొడుక్కుని జీపెక్కాడు. ఎక్కేముందు మైకులో, "ఇలాంటి తల్లుల కోసమైనా సోమవారం పస్తుండండి" అన్నాడు. రొట్టెల ఊసు లేదు. తాత ఊసు అసలే లేదు. ఆ సాయంత్రం పక్క ఊళ్లో మళ్లీ ఆకులు తిన్నాడట. ఈసారి చెట్టు బెరడు కూడా కలిపాడని అక్కడి పంతులు నాకు చెప్పాడు.

సభ నుంచి ఇంటికి నడుస్తూ నేను ఉడికిపోయాను. "గదే మాట మైకుల చెప్పుమని అడగకపోతివేందే? నలుగురు ఇందురు గద! నీ రొట్టెలు గన్ని దినాలు తిని, తాత పేరన్న ఎత్తకపాయె!" అన్నాను. గెలిచి వచ్చిన మనిషి ఏదో ఒకటి అంటుందని చూశాను. అవ్వ నా మాట విననే లేదు. దారి మధ్యలో ఆగిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇరవైకి ఇరవై అన్నడు గదరా" అంది. "అంత ఆకలి మనిషి. గుట్టెక్కేటప్పుడు ఒక్కటన్న తినకపాయెనా!"

నడివీధిలో కూలబడి, తాత పోయిన రోజు ఏడ్చినట్టు ఏడ్చింది.