భీము ఎత్తని చేతులు

మొన్న మంగళవారం పొద్దున మా పెదనాన్న, పెద్దబాపు, చనిపోయాడని ముంబై దగ్గరి కనేరి నుంచి ఫోన్ వచ్చింది. గుండెనొప్పి అన్నారు. నాకు మాత్రం ముందు ఆయన కుడిచెవే గుర్తొచ్చింది. ఏళ్ల తరబడి మా ఇంటి భయమంతా ఆ చెవి మీదే.

నేను ఏడో తరగతిలో ఉండగా, నూలు చుట్టిన భీమును మరమగ్గానికి ఎక్కిస్తుంటే ఆయన చెవిలో ఏదో టప్పుమంది. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. అప్పటినుంచి సాంచాల మోతకే కళ్లు తిరిగి గోడ పట్టుకునేవాడు. లోపలి చెవి పొర చిరిగి నీరు కారుతోందని ముంబై ఆసుపత్రిలో చెప్పి, చెవి వెనక నుంచి చిన్న పొర తీసి అతికించారు. ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. డాక్టర్ మరాఠీలో చెప్పింది నేనే తెలుగులో చెప్పాను: బరువులు ఎత్తొద్దు.

రెండు నెలలకే కారఖానాలో పడిపోయాడు. పక్క సాంచాకు భీము ఎక్కిస్తుంటే చెయ్యి వేశాడట. పిలవకున్నా పోయి పట్టడం అక్కడి మర్యాద.

"బరువు ఎత్తొద్దని చెప్పిన గద పెద్దబాపూ!" అని ఏడ్చాను.

"నలుగురం పట్టింది బరువెట్లయితది బిడ్డా? అది సాయం."

అతుకు ఊడింది. మళ్లీ ఆపరేషన్. ఈసారీ కారితే ఆ చెవి దక్కదన్నారు డాక్టర్. నోరు మూసుకుని తుమ్మితే ఆ ఒత్తిడికే అతుకు ఊడుతుందట. ఇంటికొచ్చాక ఆయనకు తుమ్ము వస్తే చాలు, "నోరు తెరువు, నోరు తెరువు" అంటూ పెద్దమ్మ ఉరికొచ్చేది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది జరిగితే 'బరువు' అని ఊరుకోకండి, పేరు పెట్టి చెప్పండి. నేను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను: భీము, నీళ్ల బిందె, బియ్యం మూట. చదవడం రాకున్నా ఆయన దాన్ని తన సాంచా పక్క గోడకు అంటించుకున్నాడు.

మళ్లీ పనిలో చేరిన వారమే, నేను అన్నం డబ్బా తీసుకుపోయేసరికి కరెంటు పోయి సాంచాలు ఆగి ఉన్నాయి. పక్కన ముగ్గురు భీము ఎత్తుతున్నారు. ఒక కొస జారుతోంది. పెద్దబాపు అడుగు ముందుకు పడింది. ఆయన రెండు చేతులూ వెనక్కి తీసుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాడు.

"ఏంది మామా, కొత్తల్లుడోలె నిలవడ్డవ్?" అని అరిచాడు జారుతున్న కొస పట్టినవాడు.

"మా బిడ్డ గోడకు రాసిపెట్టింది, సదువుకో."

"నాకు సదువత్తె గీ భీమెందుకెత్తుత?"

అందరూ నవ్వారు. భీము ఎక్కింది. పెద్దబాపు నవ్వలేదు. వీపు వెనక ఆయన వేళ్లు తెల్లబడి ఉన్నాయి.

ఆ అతుకు మళ్లీ ఊడలేదు. నేను ఏది చదివి వినిపించినా ఆ చెవే నా వైపు తిప్పేవాడు.

నేను కనేరి చేరేసరికి పాడె కట్టి ఉంది. లేపడానికి ఎవరూ ఎవరినీ పిలవలేదు. కారఖానా వాళ్లే వచ్చి పట్టారు. ముందు పట్టింది ఆనాడు కొత్తల్లుడని ఎకసెక్కమాడినవాడే. ఆడపిల్లను, నన్ను పట్టనివ్వరు. గల్లీ మలుపులో పాడె ఒక పక్కకు వాలింది. నా అడుగు ముందుకు పడింది. రెండు చేతులూ వెనక్కి తీసుకుని, గట్టిగా పట్టుకున్నాను.