దుప్పటి కింద బేరం

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నర్సు ఉద్యోగంలో శవాలకు గుడ్డ చుట్టి, చేతులు కడుక్కుని, వెళ్ళి అన్నం తిన్న మనిషిని. నాకు జరిగింది కాబట్టి చెబుతున్నాను, నమ్మితే నమ్మండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో జెద్దాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. అక్కడ ఆకోప్ అనే ముసలాయన చేరాడు. బీరూట్ నుంచి వచ్చి నగల కొట్టు పెట్టుకున్న ఆర్మేనియన్. కాలేయం పూర్తిగా చెడిపోయింది. ఒక్కగానొక్క కూతురు బీరూట్‌లో ఉంది, వీసా రావడం లేదు. ఆమెను చూసేదాకా బతికుండాలన్నదే ఆయన తపన.

మాది బందరని చెప్పగానే ఆయన ముఖం విప్పారింది. వాళ్ళ పూర్వీకులు అద్దకం బట్టల కోసం బందరు రేవుకు వచ్చేవారట. కొందరు అక్కడి మట్టిలోనే కలిసిపోయారట.

"ఏ రేవుకెళ్ళినా మావాళ్ళకు భాషతో పనిలేదమ్మా" అంటూ నా చేతిని దుప్పటి కిందికి లాగి వేళ్ళు నొక్కి, బేరమాడే తీరు చూపించాడు. నాకు నవ్వొచ్చింది. మా నాన్న పశువుల సంతలో దళారి. తువ్వాలు కింద ఆయన చేసేదీ అదే. వేళ్ళు పట్టుకుంటే ధర చెప్పినట్టు, చెయ్యంతా బిగించి పట్టుకుంటే ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత మాట తప్పితే సంతలో తలెత్తుకోలేరు.

రానురాను ఆకోప్ గారు మగతలోకి జారిపోయారు. కుడిచెయ్యి మాత్రం దుప్పటి కింద కదులుతూనే ఉండేది. కాలేయం పోయినవాళ్ళకు చేతులు అలా అదురుతాయని డాక్టరు అన్నాడు. నిజమే, అలాంటివాళ్ళను నేనూ చాలామందిని చూశాను. కానీ ఇది అదురు కాదు, బేరం.

ఒక మధ్యాహ్నం పొద్దు వాలే వేళ, మసీదు నుంచి అసర్ నమాజు పిలుపు వినిపిస్తుండగా ఆయన కళ్ళు తెరిచి, "వాడు ధర దించడం లేదమ్మా" అని ఏడ్చాడు. ఓదార్పుగా దుప్పటి కింద చెయ్యి పెట్టాను. ఒక చెయ్యి నా వేళ్ళు పట్టుకుంది. చిన్నప్పుడు నాన్న ఆడుతూ నేర్పిన అలవాటు కొద్దీ గట్టిగా బిగించి పట్టుకున్నాను.

అప్పుడు చూశాను. ఆకోప్ గారి రెండు చేతులూ దుప్పటి పైనే, గుండెల మీద ఉన్నాయి.

చెయ్యి లాక్కుని దుప్పటి తీసి చూస్తే ఏమీ లేదు.

మర్నాడే కూతురికి వీసా వచ్చింది. ఆమె వచ్చేదాకా ఆయన తెలివిలోనే ఉన్నాడు. కళ్ళారా చూసుకుని, ఆమె చేతుల్లోనే పోయాడు. వార్డంతా దేవుడి దయ అనుకున్నాం.

ఆ సాయంత్రమే తమ్ముడు ఫోన్ చేశాడు. నిక్షేపంలా తిరుగుతున్న నాన్న ఉన్నట్టుండి పోయాడు. అక్కడ నాకు పూచీగా ఉన్న కఫీల్ సంతకం పెట్టి, ఊరెళ్ళి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా నా చేతికొచ్చేసరికి ఊళ్ళో సమాధి కూడా చేసేశారు. నాన్న ముఖం చూడలేదు నేను.

ఇంటికెళ్ళాక తమ్ముడు పక్కకి పిలిచి అడిగాడు.

"ఆఖర్న నాన్న ఓ మాటన్నాడక్కా. 'అమ్మాయి ఒప్పేసుకుందిరా, ఇంక నన్నాపకండి' అని. దేనికొప్పుకున్నావక్కా?"

దేనికో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ వేళ్ళు ఏ ధర చెప్పాయో చూసుకోకుండానే బిగించాను.