వెనక కూర్చునేవాళ్ళ అభిప్రాయం

పికప్ కొనేముందు మా ఆయన తెలిసినవాళ్ళలో పికప్ ఉన్న ప్రతివాణ్ణీ అడిగాడు. నన్ను చేసుకునేముందు కూడా అంత వాకబు చేసి ఉండడు. మాది రెనొవేషన్ పని. ఫ్లాట్లలో టైల్స్ మార్చడం, కిచెన్ కేబినెట్లు బిగించడం. ఉండేది ఊరి చివర వుడ్‌ల్యాండ్స్‌లో, పని ఎక్కువగా ఊరి మధ్యన బిషాన్ వైపు దొరికేది. పాత వ్యాన్ ఫ్లైఓవర్ ఎక్కాలంటే మూలిగేది. దాంతో ఈసారి పెద్ద ఇంజినున్న పెద్ద పికప్పే కొనాలని పట్టుబట్టి కూర్చున్నాడు.

ఇంజిను గొడవ నాకక్కర్లేదు. నాకు కావలసింది ఒక్కటే, నా తమ్ముడు లోపల కూర్చోవాలి. వాడు ఇండియా నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చి మా దగ్గరే పనిచేసేవాడు. పికప్పుల్లో రెండు రకాలున్నాయి. ఒకదానికి లోపల రెండు వరసల సీట్లు, వెనక సామాన్లు వేసే డెక్ పొట్టిగా ఉంటుంది. ఇంకోదానికి ఒకటే వరస, డెక్ మాత్రం బారెడు. మొదటిది కొంటే పనివాళ్ళంతా తలుపులేసుకుని బెల్టు పెట్టుకుని కూర్చోవచ్చు. రెండోదైతే డ్రైవరు పక్కన ఇద్దరికే చోటు, మిగతావాళ్ళు వెనక రేకు కప్పు కింద, టైల్స్ పెట్టెల మధ్య చతికిలబడాలి.

ఆ ఆదివారం పొద్దున్న ఆంగ్ మో కియోలో ఒక కాఫీషాపు దగ్గర నలుగురైదుగురు పికప్ ఓనర్లు కూడారు. నన్నూ తీసుకెళ్ళాడు. ఒకరు పుల్లింగ్ అన్నారు, ఒకరు టర్నింగ్ అన్నారు, సీటు మెత్తదనం గురించి ఒకాయన కాఫీ చల్లారేదాకా చెప్పాడు. అందరూ ఒప్పుకున్న మాట ఒకటుంది, లోపల కూర్చుంటే స్పీడే తెలియదట. మా ఆయన కళ్ళు మెరిశాయి. రెండు వరసల సీట్లు దండగనీ, డెక్ పొడుగుంటే ఒక ట్రిప్పు కలిసొస్తుందనీ కూడా చెప్పారు. మరి వెనక కూర్చునేవాళ్ళకి ఎలా ఉంటుందని అడిగాను. ఈ దేశంలోనే పుట్టి పెరిగి, ఇక్కడివాళ్ళలాగే మాట చివర ‘లా’ తగిలించే తెలుగాయన ఒకడు నవ్వాడు.

“వాళ్ళనెవరు అడుగుతారు ఆంటీ? వెనకవాళ్ళు కంప్లైంట్ చెయ్యరు లా.”

నాకు ఒళ్ళు మండింది. నాకంటే పెద్దవాడు, ఆంటీ అట. ఇంటికొచ్చాక మా ఆయన దగ్గర కడుపులో ఉన్నదంతా కక్కేశాను. బావమరిదిని ఒక్కణ్ణే ముందు కూర్చోబెడితే మిగతావాళ్ళు ఏమనుకుంటారని ఆయన వాదన. ముందు సీట్లు మా దగ్గర పనిచేసే వయసైన ఇద్దరు వడ్రంగులవని అప్పటికే తేల్చేశాడు. నువ్వే అడగరా అని తమ్ముణ్ణి పోరాను. బావ దగ్గర నోరు తెరిచి అడగడం వాడికి నామోషీ. వాళ్ళిద్దరూ పెళ్ళినాటి నుంచీ వేళాకోళం తప్ప ఇంకో భాష మాట్లాడుకుని ఎరగరు. నా పోరు పడలేక ఆ రాత్రి భోజనాల దగ్గర వాడు అడిగాడు. అడగడం కూడా వాళ్ళ భాషలోనే అడిగాడు.

“ఏం బావా, నన్ను కూడా లోడులో కలిపేశావా?”

“నీకు గాలి మంచిదిరా, రంగు తేల్తావు” అన్నాడు మా ఆయన.

ఇద్దరూ పగలబడి నవ్వారు. వాడు మళ్ళీ పెరుగు వేసుకున్నాడు. అంతే, మాట అక్కడితో అయిపోయింది. వాడు నిజంగానే అడిగాడని ఆయనకి తెలియలేదు. తెలియనట్టుగా అడగడమే మావాడికి చేతనయింది.

బండి వచ్చింది, పొడుగు డెక్‌దే. కొన్ని నెలలు బాగానే తిరిగింది. వాన పడిన ఒక మధ్యాహ్నం ఎక్స్‌ప్రెస్‌వే మీద ముందున్న లారీ ఆగితే మా ఆయన బ్రేకు తొక్కాడు. తర్వాత ఆయన నాతో చెప్పింది ఒకటే మాట, అంత స్పీడులో ఉన్నానని తెలియలేదట. ముందున్న ముగ్గురికీ గీత కూడా పడలేదు. వెనక టైల్స్ పెట్టెలు తాడు తెంచుకుని జారి మా తమ్ముడి కుడికాలి మీద పడ్డాయి. ఆస్పత్రిలో రెండుసార్లు ఆపరేషన్ చేశారు. చివరికి మోకాలి కింద తీసేశారు.

వాడు వార్డులో పడుకుని ఉండగానే మా ఆయనకి ఎవరో కొత్త మనిషి ఫోన్ చేశాడు. పికప్ కొందామనుకుంటున్నాడట, మీ బండి ఎలా ఉంది అన్నా అని అడిగాడట. ఈయన కారిడార్‌లో నిలబడి, “పుల్లింగ్ బాగుంది” అని చెప్పడం నా చెవులతో విన్నాను. అలవాటులో వచ్చేసిందట. ఆ క్షణంలో ఆ ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది.

తమ్ముణ్ణి ఇండియా పంపించే రోజు ఎయిర్‌పోర్టుకి టాక్సీ పిలుద్దామన్నాను నేను. బండి ఉండగా టాక్సీ ఎందుకక్కా అన్నాడు వాడే. ముగ్గురం లిఫ్టు దిగాం. మా ఆయన గబగబా ముందుకెళ్ళి తన పక్క సీటు తలుపు తెరిచి పట్టుకున్నాడు. తమ్ముడు చంకకర్రల మీద ఆ తలుపు దాటి బండి వెనక్కి వెళ్ళిపోయాడు. డెక్ తలుపు మీద చెయ్యి వేసి, ఎవరైనా తీస్తారేమోనని నిలబడ్డాడు.

“ఇటు రా. ముందు కూర్చో” అన్నాడు మా ఆయన.

వాడు తలెత్తి చూశాడు. నెమ్మదిగా నవ్వాడు.

“నిజమే బావా. ఇంక వెనక ఎక్కలేను కదా.”

మా ఆయన తలుపు పట్టుకుని, కార్ పార్కులో పోయేవాళ్ళు చూస్తుండగానే ఏడ్చాడు. ఓదార్చాలని నాకు అనిపించలేదు. నేను వెళ్ళి తమ్ముడి చంకకర్రలు అందుకున్నాను.